మొదటి ఏడాది నుంచే మాట్లాడించండి

చివరి సెమిస్టర్‌లో నెల రోజులు స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు పెడితే డిగ్రీ పిల్లలకు ఉద్యోగాలొస్తాయన్నారు ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో. నాకైతే నమ్మకం లేదండీ. నెల్లూరులో మా ఆఫీసుకు ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లలో చాలామంది ఒకే సెల్ఫ్ ఇంట్రడక్షన్ అప్పజెప్తారు. కష్టపడి పనిచేయడం నా బలం అంటారు, ఏ పని చేశావు నాయనా అంటే మౌనం. విడవలూరు వైపు అబ్బాయి ఒకతన్ని వాళ్ల రొయ్యల గుంటల గురించి అడిగాను. మేత ట్రేలు ఎందుకు చూసుకోవాలో, రాత్రిపూట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే ఆక్సిజన్ ఎలా పడిపోతుందో తెలుగులో గడగడా చెప్పాడు. అది ఇంటర్వ్యూలో పనికొచ్చే మాటని అతనికి ఎవరూ చెప్పలేదు. ముందు తెలుగులో చెప్పించి, తర్వాత దాన్నే ఇంగ్లీషులో చెప్పించాలి.

ఇందుకు కొత్త కోర్సులేం అక్కర్లేదు. ఏపీ డిగ్రీలో మొదటి ఏడాది అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఉండనే ఉంది. ఊళ్లో ఇంటింటికీ తిరిగి అడగడం, రాసుకోవడం, క్లాసులో నిలబడి చెప్పడం, ఇంతకంటే మంచి శిక్షణ ఏముంది? కానీ కొందరు జిరాక్స్ షాపులో రిపోర్టు కొనేసి బైండింగ్ చేయిస్తున్నారు. (అట్ట రంగు మీదే టెన్షనంతా!) లెక్చరర్లు ఆ ప్రాజెక్ట్ మీద వైవా, అంటే నోటి పరీక్ష, పది నిమిషాలైనా గట్టిగా తీసుకోవాలి.