బీచ్‌కి సముద్రం అవసరమా?

విశాఖపట్నంలో సొంతిల్లు ఉన్న ప్రతివాడూ జీతం లేని పర్యాటక శాఖ ఉద్యోగే. పిల్లల పరీక్షలు అయ్యీ అవగానే హైదరాబాదు నుంచి మా బావమరిది ఫోను చేస్తాడు. "బావా, పిల్లలు సముద్రం సముద్రం అని ప్రాణం తీస్తున్నారు." ఇన్నేళ్ల సర్వీసులో నేను తేల్చిందేమిటంటే, బీచ్‌కి కావలసినవి మూడే: ఇసుక, కారు పెట్టుకోను చోటు, తినడానికి ఏదో ఒకటి. సముద్రం కూడా ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

మొదటి మజిలీ ఎప్పుడూ ఆర్కే బీచే. అక్కడి కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి ఒడ్డున టిక్కెట్ల మీద బతుకుతోంది. రోడ్డుకి అవతల 2017 నుంచి టీయూ-142 యుద్ధవిమానం. నీళ్లలో మునగాల్సిందీ గాల్లో ఎగరాల్సిందీ ఎదురిళ్ల ముసలాళ్లలా ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి. కురుసురలో ఈ చివర వంగి ఆ చివర లేచిన మా బావమరిది నడుం పట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతమందికి బాత్రూములెన్ని బావా?"

తరవాత మురీ మిక్చరు. "ఏటి బాబూ, నిమ్మకాయ పిండీనా?" అంటూ బండతను డబ్బాలో గరిటె టకటక ఆడిస్తుంటే మావాళ్లంతా దానికేసి తిరిగి నిలబడ్డారు. సముద్రం వెనకాల ఏదో చెప్పుకుంటోంది. పొట్లాలు చేతికొచ్చాక సెల్ఫీలు. సెల్ఫీకి సముద్రం వెనక ఉండాలి కదా, కాబట్టి మళ్లీ వీపే. మూడు గంటల్లో సముద్రాన్ని సూటిగా చూసింది మా చంటిదొక్కత్తే, అదీ ఏడుస్తూ.

"సన్‌సెట్ ఎన్నింటికి?" అన్నాడు బావమరిది.

ఇది తూర్పు తీరం, పొద్దు పొడవడమే సముద్రంలోంచి, కుంకడం ఊరి వెనక కొండల్లోకి అన్నాను.

"గోవాలో నీళ్లలోనే మునిగింది. మీవాళ్లు సరిగ్గా డెవలప్ చెయ్యలేదు."

నగరం తరఫున నేనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఇసుక సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఈ తీరాన అలల వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంటుంది. దారిలో హార్బరు గోడలు అడ్డం. అక్కడ ఆగిపోయినదాన్ని డ్రెడ్జరుతో తోడి తెచ్చి ఆర్కే బీచ్‌కి పోస్తారు. సముద్రం కొన్నాళ్లకి దాన్ని పట్టుకుపోతుంది. మళ్లీ పోస్తారు. ప్రతి సంక్రాంతికీ అల్లుడికి బట్టలు పెట్టినట్టే, ఇన్నిసార్లు పెట్టాం కదా ఇక చాలు అనడానికి లేదు.

తెన్నేటి పార్కు దగ్గరికి 2020 అక్టోబరులో ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడ గాలివానకి కొట్టుకొచ్చి రాళ్లమీద ఎక్కింది. ఇంకో ఊళ్లో అయితే అయ్యో పాపం అనేవారు. మనం కుటుంబాలతో వెళ్లి ఫొటోలు దిగాం, ఆపైన దాన్ని రెస్టారెంటు చేద్దామన్నాం. దారి తప్పినవాణ్ణి చూడగానే మనకి తోచేది టిఫినే.

రుషికొండది వేరే హోదా. 2020లో డెన్మార్కు నుంచి, శుభ్రంగా ఉన్న బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025లో నిర్వహణ బాలేదని ఫిర్యాదులు వెళ్తే జెండా దింపేశారు, కొద్దిరోజులకే మళ్లీ ఎగరేశారు. మన చెత్త మన కళ్లకి ఆననప్పుడు కోపెన్‌హాగెన్ నుంచైనా ఒకరు చూసిపెడుతున్నందుకు సంతోషించాలి. కొండమీది భవనాల సంగతి ఎత్తకండి, కారులో రెండు పార్టీలవాళ్లూ ఉన్నారు.

మంగమారిపేట శిలాతోరణాన్ని కారు అద్దంలోంచే చూశాం, ఏసీ పోతుందని. వేల ఏళ్లు పట్టి గాలీ నీరూ కలిసి కట్టిన ఎర్రమట్టి దిబ్బల్లో మాకు కాలు పెట్టే సందు దొరకలేదు, పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు అప్పటికే దిగిపోయి ఉన్నాయి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూపిస్తే, "వీళ్లు ఇక్కడ సెటిలయ్యారా?" అన్నాడు బావమరిది. అవునన్నాను. అంతకన్నా సెటిలవడం ఎవరికి సాధ్యం?

ఆఖరిరోజు యారాడ. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. తప్పించుకోను దారి లేదు. ఒడ్డున పదిమంది మత్స్యకారులు రెండు బారులు తీరి అలివి వల లాగుతున్నారు. మడమలు ఇసుకలో దిగబడిపోతున్నాయి, తాడు మీంచి నీళ్లు కారుతున్నాయి, చూపంతా అల మీదే. నాలుగు రోజుల్లో సముద్రం వైపు మొహం పెట్టి నిలబడిన మనుషులు నాకు కనిపించడం అదే మొదలు. వాళ్లని వెనకాల ఉంచుకుని మా బావమరిది సెల్ఫీకి చెయ్యెత్తాడు. "బాబూ, ఎనక్కి సూడండి!" అని ఒకతను అరిచాడు. ఇతను నవ్వు సరిచేసుకున్నాడు. అల మోకాళ్లదాకా వచ్చి, కొత్త చెప్పుల్లో ఒకటి తీసుకుని వెళ్లిపోయింది.

రైలెక్కుతూ కూడా అదే మాట. "కొట్టుకొస్తే కొరియర్ చెయ్యి బావా."

నవ్వాను గానీ, శాస్త్రప్రకారం ఆలోచిస్తే కొట్టిపారేసే సంగతి కాదు. యారాడ హార్బరుకి దక్షిణాన ఉంది. ఇసుకతో పాటు చెప్పూ ఉత్తరానికే నడవాలి, గోడ దగ్గర ఆగాలి. అంచేత సంబంధిత అధికారులకు మనవి: ఈసారి ఆర్కే బీచ్‌కి ఇసుక పోసేటప్పుడు ఎడమకాలిది, తొమ్మిదో నంబరు, గోధుమరంగు చెప్పు కనిపిస్తే కాస్త పక్కన పెట్టించగలరు.