రాజీ అయిన కేసుకి ఇంకెన్నాళ్లు శిక్ష?

ఊళ్లో గట్టు తగాదా వస్తుంది. ఒక వైపు వాళ్లు స్టేషన్‌కి వెళితే రెండో వైపు వాళ్లూ వెళ్తారు, ఇద్దరి మీదా ఎఫ్ఐఆర్‌లు పడతాయి, ఆ రోజు ఇంట్లో ఉన్న పాపానికి డిగ్రీ చదివే కుర్రాడి పేరూ ఏ4గానో ఏ5గానో ఎక్కేస్తుంది. కొన్నాళ్లు వాయిదాలకు తిరిగాక పెద్దమనుషులు కూర్చోబెడతారు, లోక్ అదాలత్‌లో రాజీ అవుతుంది. అలా రాజీ కుదిరితే నిర్దోషిగా విడుదలైనట్టేనని చట్టమే చెబుతోంది. కానీ ఆ కుర్రాడు కానిస్టేబుల్ పరీక్ష పాసై అటెస్టేషన్ ఫారం నింపే రోజున ఆ కేసు మళ్లీ లేస్తుంది.

ఎప్పుడైనా కేసు నమోదైందా అని ఫారం అడుగుతుంది. లేదని రాస్తే దాచాడంటారు. ఉందని రాస్తే ఉద్యోగం వస్తుందన్న భరోసా లేదు, ఎందుకంటే నిజం చెప్పినా నియమించి తీరాల్సిన పని లేదని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే అంది. అదే తీర్పు చిన్నాచితకా కేసులను పట్టించుకోకుండా వదిలేయవచ్చని కూడా చెప్పింది, అయితే ఆ నిర్ణయం అధికారి చేతిలోనే ఉండిపోయింది. ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి 1999లో దరఖాస్తు పెట్టిన సందీప్ కుమార్‌దీ సరిగ్గా ఇలా రాజీ అయిన కేసే. అతనికి సుప్రీంకోర్టులో న్యాయం దొరికింది 2011లో. పన్నెండేళ్లు! అంత దూరం వెళ్లే స్తోమత ఎంతమందికుంటుంది?

2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ఇంకా నేరం రుజువు కానివాళ్లు. వీళ్లలో ఒకరు రేపు బయటికొచ్చి గది అద్దెకు అడిగితే, 'జైలుకెళ్లొచ్చాడట' అన్న ఒక్క మాట ఓనర్ చెవిన పడితే చాలు, టులెట్ బోర్డు వేలాడుతూనే ఉన్నా గది ఎవరికో ఇచ్చేశామంటారు. అడ్రస్ లేనివాడికి పని ఎవరిస్తారు, పని లేనివాడికి ఇల్లు ఎవరిస్తారు?

హైదరాబాద్ చంచల్‌గూడలో జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకులో ఖైదీలు పని చేస్తున్నారు. వాళ్ల చేత్తో పెట్రోల్ కొట్టించుకుని, డబ్బులిచ్చి, చిల్లర తీసుకుని జనం రోజూ వెళ్తూనే ఉన్నారు. శిక్ష అనుభవిస్తున్నప్పుడు నమ్మినవాళ్లని శిక్ష అయిపోయాక నమ్మకపోవడం మాకు ఎంతకీ అర్థం కాదు.

పిల్లల మీద అఘాయిత్యం చేసినవాడిని బడిలో పెట్టమని మేము అడగడం లేదు. నేరానికీ ఆ ఉద్యోగానికీ సంబంధం ఉంటే ఆపండి, కానీ ఎందుకు ఆపారో కాగితం మీద రాసి ఇవ్వండి. కొట్టేసిన కేసుల్నీ రాజీ అయినవాటినీ ఫారంలో అడగడం మానేయండి. తమ నియామకాల వరకు ఇది రెండు తెలుగు ప్రభుత్వాల చేతిలో ఉన్న పనే, వచ్చే నోటిఫికేషన్ లోపే జీవో ఇవ్వాలి.