ఈ ఫెర్న్‌లకు కృతజ్ఞత లేదు

కొండ ఫెర్న్‌ల ప్రవర్తనపై వెంటనే విచారణ జరిపించాలి. పూజకు పువ్వు ఇవ్వని, నోటికి పండు ఇవ్వని ఈ మొక్క, మనిషి చేసే సేవను కూడా లెక్కచేయదు.

సాక్ష్యం కావాలా? లండన్ డాక్టరు నథానియల్ వార్డ్ ముచ్చటపడి పెరట్లో రాళ్లు పేర్చి ఫెర్న్‌లు నాటాడు. ఊళ్లోని బొగ్గుపొగ వంక పెట్టుకుని అవి చచ్చాయి. 1829 ప్రాంతంలో ఆయన ఒక చిమ్మట ప్యూపాను (రెక్కలు రాకముందు గూటి దశ) సీసాలోని తడిమట్టిలో ఉంచి, మూత పెట్టాడు. ఎవరూ పిలవకుండానే అందులో ఒక ఫెర్న్ మొలిచింది! చుక్క నీరు పోయకపోయినా దాదాపు నాలుగేళ్లు బతికింది. చివరికి మూత తుప్పుపట్టి వాననీళ్లు లోపలికి దిగితే అప్పుడు పోయింది. ఎండి కాదు, నీళ్లెక్కువై. ఎంత పొగరు! (ఆ సీసా నుంచి పుట్టిన వార్డ్ అద్దాల పెట్టెల్లోనే చైనా తేయాకు మొక్కలు హిమాలయాలకు చేరాయి కాబట్టి, ఈ ఒక్క విషయంలో క్షమిద్దాం.)

తర్వాత బ్రిటన్‌ అంతా ఫెర్న్ పిచ్చిలో పడింది. 1855లో చార్లెస్ కింగ్‌స్లీ అనే రచయిత దానికి 'టెరిడోమేనియా' అని పేరు కూడా పెట్టాడు. స్కాట్లండ్‌లోని మాఫట్ కొండల మీద, రాతిసందుల్లో చలికి వణుకుతున్న వుడ్సియా అనే చిట్టి ఫెర్న్‌ను జనం దయతలచి పెకలించి ఇళ్లకు తెచ్చారు. కొండలు దాదాపు ఖాళీ అయ్యాయి. ఎడిన్‌బరో బొటానిక్ గార్డెన్ వాళ్లు దాన్ని మళ్లీ పెంచి తిరిగి కొండలకు చేర్చాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఫెర్న్‌ల దగ్గరే వసూలు చేయాలి.

ఇప్పటికీ బుద్ధి మారలేదు. నీడ కావాలట, చివికిన ఆకులు కావాలట, తేమ ఉండాలట, కానీ నీళ్లు నిలవకూడదట. ప్రేమగా మొవ్వు మీదికి మట్టి ఎగదోస్తే కుళ్లిపోతుంది. ఆకు అడుగున వరసగా గోధుమరంగు చుక్కలు పెట్టుకుని మనల్ని టెన్షన్ పెడుతుంది. పరువుగల గృహస్థు పరిగెత్తి మందు కొట్టాక తెలుస్తుంది, అవి తెగులు కాదు, విత్తనాలకు బదులు అది రాల్చే సిద్ధబీజాల సంచులని. శీతాకాలంలో ఎండిన ఆకులు కత్తిరించి శుభ్రం చేద్దామంటే అదీ కుదరదు. మొవ్వుకు దుప్పటిగా వసంతం దాకా అలాగే ఉంచాలట. పక్కింటివాళ్లు ఏమనుకుంటారన్న ఇంగితం ఉండొద్దూ?

కమిటీ నివేదిక వచ్చేదాకా ఫెర్న్‌లకు ఎరువు, కత్తిరింపు, పూటపూటా నీళ్లు, పలకరింపులు అన్నీ నిలిపివేయాలి. ఈ శిక్షాకాలంలో గుబురుగా పెరిగినవాటిపై ధిక్కారం కేసు పెట్టాలి.