బౌరాన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బౌరాన్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు ఐర్లండు పబ్బులన్నిటా క్షేమమని తలుస్తాను. తమ బంధువొకరు ప్రస్తుతం డబ్లిన్‌లో, మా ఇంటి సోఫాలో, నా బావమరిది ఒళ్ళో క్షేమంగానే ఉన్నారు. క్షేమంగా లేనిది మేమూ, కింది వాటావాళ్ళూ.

తమరెవరో తెలియని మావాళ్ళ కోసం రెండు ముక్కలు. తమరు ఐరిష్ జానపద సంగీతంలో వాయించే డోలు. గుండ్రటి చెక్క చట్రం, ఒకవైపు బిగించిన మేకతోలు, రెండోవైపు ఖాళీ. ఎడమచెయ్యి వెనకనుంచి లోపల పెట్టి, కుడిచేత్తో జానెడు పుల్ల పట్టుకుని వాయిస్తారు. అంతే. ఫిడిల్‌ని చూసి దండం పెట్టి తప్పుకునే మనిషి కూడా మిమ్మల్ని చూడగానే ‘ఇదేం బ్రహ్మవిద్య’ అనుకుంటాడు. నా ఫిర్యాదంతా ఆ అమాయకపు మొహం మీదే.

మీ పుట్టుపూర్వోత్తరాలు మీకు తెలియనివి కావు. గింజలు చెరిగే తోలుచేట మీ తాతగారని కొందరంటారు. 1960ల ముందు మీరు ఎక్కువగా కనిపించింది డిసెంబరు 26న, రెన్ డే అనే పండగ నాడు, గడ్డివేషాలు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగే కుర్రాళ్ళ చేతుల్లో. తర్వాత షాన్ ఓ రియాడా అనే స్వరకర్త మిమ్మల్ని తన బృందంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అక్కడితో మీ జాతకం తిరిగింది. అందరికీ నచ్చారని కాదు లెండి. ఊలియన్ పైపులనే ఐరిష్ తిత్తివాద్యం విద్వాంసుడు షేమస్ ఎన్నిస్‌ని బౌరాన్ దేంతో వాయిస్తే బాగుంటుందని అడిగితే, ‘చాకుతో’ అన్నాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. అప్పట్లో ఆ మాట మరీ కటువు అనుకునేవాణ్ణి. మొన్న డూలిన్ వెళ్ళొచ్చాక అనుకోవడం మానేశాను.

డూలిన్ క్లేర్ కౌంటీలో మోహర్ కొండచరియల పక్క ఊరు. పగలు ఆ 214 మీటర్ల అంచుల దగ్గర సెల్ఫీలయ్యాయి, రాత్రి పబ్బుకి చేరాం. పేరెందుకులెండి, పాపం వాళ్ళ తప్పేముంది. గాల్వే దుకాణంలో ముందురోజే కొన్న మీ బంధువు, తోలు మీద పచ్చటి షామ్‌రాక్ ఆకు ముద్రతో, సంచీలో మాతోనే ఉన్నారు. మూలన బల్ల చుట్టూ ఒకరికొకరు ఎదురుగా నలుగురు: ఫిడిల్ ఆవిడ, ఫ్లూటు పెద్దాయన, చేతుల్లో ఇమిడే చిన్న హార్మోనియంలాంటి కాన్సర్టీనాతో ఒక కుర్రాడు, వాళ్ళతోపాటు మీ వర్గానికే చెందిన ఒక బౌరాన్ ఆయన. సెషన్ అంటే అదే. స్టేజీ లేదు, మైకు లేదు. వాళ్ళ కోసం వాళ్ళు వాయించుకుంటారు, మనం విన్నా మానినా వాళ్ళకు ఒకటే.

“బావా, ఆ సంచీ ఇటు ఇవ్వు” అన్నాడు మావాడు.

“ఒరేయ్, ఇక్కడ అడిగి కూర్చోవాలిరా. పైగా బౌరాన్ ఒకటుంటే రెండోది తియ్యరు.”

“ఫోక్ అంటే జనానిది కదా బావా! మనం జనం కాదా?”

దీనికి నా దగ్గర జవాబు లేదు. మా పెళ్ళిలో సన్నాయిమేళం పక్కన ఏ ఐరిష్ పర్యాటకుడో చతికిలబడి డోలు లాక్కుని ఇదే మాట అంటే, మేళగాళ్ళు ఏం జవాబు ఇచ్చేవారో మాత్రం ఊహించగలను.

తగుదునమ్మా అని వెళ్ళి కూర్చున్నాడు. మూలనున్న బౌరాన్ ఆయన ఒక్క క్షణం చూసి, చిన్నగా నవ్వి, తన వాద్యాన్ని కుర్చీ కిందికి తోసేశాడు. ఫిడిల్ ఆవిడ కుర్చీ ఒక అంగుళం జరిగింది. కాసేపటికి ఇంకో అంగుళం.

మీ వాళ్ళ లెక్కలు మాకు మరీ కొత్తవేం కావు. రీల్, జిగ్, స్లిప్ జిగ్ అని ట్యూన్లలో రకాలు. రీల్ నాలుగులో నడుస్తుంది, తకధిమి తకధిమి. జిగ్ అయితే తకిట తకిట. స్లిప్ జిగ్‌కి మూడు తకిటలు, తొమ్మిది. ట్యూన్‌కి రెండు భాగాలు, ఒక్కోటి ఎనిమిది బార్లు, అంటే ఆవర్తాలు, ఒక్కోదాన్ని రెండేసిసార్లు వాయిస్తే 32. అలా మూడుసార్లు తిప్పేసి, ఆపకుండా, పేరైనా చెప్పకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. తెలిసినవాళ్ళకు ఒక కనుసైగ చాలు. తెలియనివాడి చెవిలో మీరు ఊదే మంత్రం వేరు: ‘కొట్టు నాయనా, ఎక్కడో ఒకచోట కలుస్తుంది.’ మావాడికి వచ్చిన దరువు ఒకటే, ఇంజనీరింగ్ కాలేజీ బస్సులో సీటు వెనక నేర్చుకున్నది. రీల్‌కి అదే, జిగ్‌కి అదే. స్లిప్ జిగ్ వచ్చేసరికి వాళ్ళు తొమ్మిదిలో, వీడు నాలుగులో. ఎక్కడో ఒకచోట కలిశారు కూడా, ట్యూన్ అయిపోయినచోట.

ఐరిష్‌వాళ్ళ మర్యాదకి చేతులెత్తి మొక్కాలి. ఎవరూ పల్లెత్తు మాటనలేదు. ఫిడిల్ ఆవిడ కళ్ళు మూసుకుని స్లో ఎయిర్ అందుకుంది. దానికి తాళం ఉండదు, పాట ఊపిరిని బట్టి సాగుతుంది, ఒక్కరే వాయిస్తారు. బార్‌లో గ్లాసుల చప్పుడు కూడా ఆగిపోయింది. మావాడు ఆగలేదు. నా వైపు వంగి, “బావా, వీళ్ళ బీటు పడిపోయింది, నేనే లాక్కొస్తున్నా” అన్నాడు.

ఎలాగో వాణ్ణి బయటికి లాక్కొచ్చి, బిల్లు కట్టడానికి మళ్ళీ లోపలికెళ్ళాను. ఆ బౌరాన్ ఆయన కుర్చీ కిందినుంచి తన వాద్యాన్ని పైకి తీశాడు. చలిమంట వేడికి తోలు బిగుసుకున్నట్టుంది, వేళ్ళు తడిచేసుకుని దాని మీద రాశాడు. మా దగ్గర డప్పుకి మంట చూపిస్తారు, ఇక్కడ తడి చూపిస్తారు. తర్వాత ఎడమచెయ్యి వెనకనుంచి తోలుని నొక్కుతూ జారుతుంటే దెబ్బదెబ్బకీ శ్రుతి పైకీ కిందికీ పాకింది. కొన్ని ట్యూన్లకి అసలు చెయ్యే ఎత్తలేదు, వింటూ కూర్చున్నాడు. ఇంత కష్టమైనవారని ముందే చెప్పొచ్చు కదండీ? చట్రం మీద చిన్న అక్షరాలతోనైనా? అదే కౌంటీలో, మిల్‌టౌన్ మాల్బేలో, 1973 నుంచి జూలైలో విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్ పెట్టి పైపులూ ఫిడిళ్ళూ నేర్పుతున్నారు, నేర్చుకోవడానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. ఆ సంగతి చెబితే మావాడు, “యూట్యూబ్ ఉందిగా బావా” అన్నాడు.

ఆ రాత్రే మా ఆవిడ తీసిన వీడియో ఫ్యామిలీ గ్రూపులో పడింది. స్లో ఎయిర్ భాగమే. హైదరాబాదు నుంచి మా అత్తగారు, ‘మా చిన్నోడు ఫారిన్‌లో కచేరీ చేశాడు’ అని చుట్టాలందరికీ పంపారు.

మీతో దాపరికం ఎందుకు? మా అత్తగారివాళ్ళ సొంతూళ్ళో పెళ్ళికైనా, చావుకైనా, జాతరకైనా డప్పు మోగాల్సిందే. అదీ మేకతోలే, అదీ గుండ్రటి చెక్క చట్రమే. ఆ వాయించేవాళ్ళకు మాత్రం మా అత్తగారింటి గడప ఎక్కే యోగం లేదు. ఎప్పుడో చిన్నప్పుడు మావాడు చిర్ర, అంటే డప్పు పుల్ల, తీసుకుని డప్పు మీద ఒక దెబ్బ వేశాడని బావి దగ్గర నిలబెట్టి తలస్నానం చేయించారట, మా ఆవిడే చెప్పింది. ఇప్పుడదే మేకని గుండెకి హత్తుకుని దిగిన ఫోటో మా అత్తగారి డీపీ. మేకకి వీసా స్టాంపు పడితే మైల పోతుందని ఏ ధర్మశాస్త్రంలో ఉందో నాకు తెలియదు.

ఇక అసలు విన్నపం. మావాడు వచ్చే వారం విమానం ఎక్కుతున్నాడు, మీ బంధువుని క్యాబిన్ లగేజీలోనే తెస్తాడట. వినాయక నిమజ్జనానికి వాళ్ళ కాలనీకి డప్పు బృందం వస్తుంది. వాళ్ళ మధ్యలో నిలబడి ‘ఫ్యూజన్’ చేస్తానని ఇప్పటినుంచే రీలు ప్లాన్ చేస్తున్నాడు. ఇది వేరే రీలు లెండి, ఇన్‌స్టాగ్రామ్‌ది. వాళ్ళు కళ్ళు మూసుకుని స్లో ఎయిర్ అందుకునే రకం కాదు. దారి ఇస్తారు, వీడు లోపలికి రాగానే దరువు రెట్టింపు చేస్తారు. అప్పుడు చిర్ర దెబ్బల మధ్య మీ బంధువు గొంతు మావాడి చెవికే వినపడదు. భాద్రపదంలో హైదరాబాదు వానలకి తోలు ఎలాగూ సాగుతుంది. ఆ వంక పెట్టుకుని గౌరవంగా సంచీలోకి వెళ్ళిపొమ్మని తమరి తరఫున ఒక మాట చెప్పించగలరు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
డూలిన్ పబ్బులో సంచీ మోసిన బావ