మొదటి కోత ఎక్కడ పడింది?

రొమ్ములో గడ్డ ఉందని తెలిసిన రోజు సాయంత్రానికల్లా బంధువుల ఫోన్లు మొదలవుతాయి. "హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో అంతా ఫ్రీ, అక్కడికే తీసుకెళ్లండి" అని ఒకరంటారు. "గవర్నమెంటు ఆస్పత్రా? పొలం అమ్మైనా సరే కార్పొరేట్‌కే వెళ్లండి" అని ఇంకొకరు. మా పెద్దమ్మ విషయంలో మేమూ వారం రోజులు ఇదే చర్చలో ఉన్నాం. తీరా చూస్తే, అసలు నిర్ణయం అంతకుముందే జరిగిపోయింది.

గడ్డ కనపడగానే ఆమెను మా జిల్లా కేంద్రంలో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లారు. "చిన్నదే, తీసేస్తే పోతుంది" అన్నారు డాక్టరు. అరగంట ఆపరేషన్, నాలుగు కుట్లు, సాయంత్రానికి ఇంటికి. పది రోజులకు రిపోర్టు వచ్చింది. రెండే లైన్లు, క్యాన్సర్ అని. హైదరాబాద్‌లో డాక్టరు ఆ కుట్లు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "గడ్డ ఎంత ఉండేది?" అని. పెద్దమ్మ నిమ్మకాయంత అంది, అక్క ఉసిరికాయంత అంది. తర్వాతి ప్రశ్న, "బ్లాకులు తెచ్చారా?" ఆ మాట వినడం మాకు అదే మొదటిసారి. తీసిన ముక్కను మైనంలో పోసి భద్రం చేస్తారట, అదే బ్లాకు. దాని కోసం మళ్లీ ఊరికి వెళ్లి, ల్యాబ్‌లో రెండు రోజులు తిరిగితే, చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చారు.

ఆ నర్సింగ్ హోమ్ డాక్టరు చెడ్డవాడు కాదు. హెర్నియాలు, అపెండిక్సులు బాగా చేస్తాడని పేరు. రొమ్ము గడ్డలు మాత్రం ఏడాదికి రెండో మూడో వస్తాయేమో. అసలైతే గడ్డ కోయకముందే సూదితో చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. క్యాన్సర్ ఏ రకందో, ఏ మందుకు లొంగుతుందో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు చేయించాలి. ముందు కీమోనా, ముందు ఆపరేషనా అన్నది ఆ తర్వాత తేల్చుకోవాలి. ఈ వరుస తప్పితే ఎంత పెద్ద ఆస్పత్రికి వెళ్లినా అక్కడివాళ్లు సగం పని ఊహతో చేయాల్సి వస్తుంది.

ఇది మన జిల్లాలకే ఉన్న జబ్బు కాదు. 1996లో పశ్చిమ స్కాట్లాండ్‌లో 3,786 మంది రోగుల రికార్డులు తిరగేస్తే, రొమ్ము క్యాన్సర్ మీద ప్రత్యేకంగా పనిచేసే సర్జన్ల దగ్గర చికిత్స పొందినవాళ్లలో ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 9 శాతం ఎక్కువని తేలింది. అక్కడ ప్రైవేటు, ప్రభుత్వం అన్న గొడవే లేదు, దాదాపు అందరికీ ఒకే ప్రభుత్వ వైద్యం. అయినా అంత తేడా.

ఈ లెక్కన చూస్తే మనం తక్కువగా చూసే చోటే అనుభవం ఎక్కువ. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే 1955 నుంచి క్యాన్సర్ తప్ప ఇంకో పని పెట్టుకోలేదు. 2000లో మొదలైన బసవతారకం ట్రస్టు ఆస్పత్రి, విశాఖ అగనంపూడిలో ముంబై టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆస్పత్రి కూడా క్యాన్సర్ కోసమే పుట్టినవి. పెద్ద సర్కారీ ఆస్పత్రుల్లో కష్టమంతా క్యూ దగ్గర. ఓపీ చీటీకి, స్కానింగ్‌కి, రేడియేషన్‌కి, దేనికైనా తేదీ ఇస్తారు. కార్పొరేట్‌లో తేదీ బాధ ఉండదు, అన్నీ మూడు రోజుల్లో అయిపోతాయి, అవసరం లేనివి కూడా. తొలిదశలో, వేరే లక్షణాలేమీ లేనివాళ్లకు ఒళ్లంతా వెతికే పెట్ స్కాన్ మామూలుగా అక్కర్లేదని మార్గదర్శకాలు చెబుతున్నా, బిల్లులో అది కనిపిస్తూనే ఉంటుంది.

తేడా మరీ కొట్టొచ్చినట్టు కనపడేది రొమ్ము ఉంచాలా, తీసేయాలా అన్న దగ్గర. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే, మొత్తం తీసేసినవాళ్లతో సమానంగా బతుకుతారని అమెరికా, ఇటలీల్లో 20 ఏళ్ల పరిశీలన తర్వాత 2002లోనే తేలిపోయింది. కానీ రొమ్ము ఉంచితే రేడియేషన్ తప్పనిసరి. మన ఊళ్లలో "కరెంటు పెట్టడం" అంటారే, అదే. పాత పద్ధతిలో ఐదు వారాలు, రోజూ. ఆదిలాబాద్ నుంచో పార్వతీపురం నుంచో వచ్చినావిడ అన్నాళ్లు ఎక్కడుంటుంది? ఆమె వెంట ఎవరుంటారు? కూలి పని ఎన్నాళ్లు మానుకుంటారు? "మొత్తం తీసేయండి సార్, పీడా పోతుంది" అని ఆమే అంటుంది. ఫైల్లో అది పేషెంటు ఇష్టమని రాసుకుంటారు. నాకు ఈ మాట దగ్గరే ఒళ్లు మండుతుంది. బస్సు చార్జీలు, గది అద్దె కలిసి చేసిన నిర్ణయాన్ని ఇష్టం అనడమేమిటి? మూడు వారాల్లో ముగిసే రేడియేషన్ సరిపోతుందని బ్రిటన్ పరిశోధనల్లో తేలి పదేళ్లు దాటింది, కొందరికి ఐదు రోజులు చాలని 2020లో వచ్చింది. ఆ చిన్న కోర్సు ఇచ్చే ఆస్పత్రి, పక్కనే ఉండడానికి ఓ ధర్మశాల, ఈ రెండూ ఉంటే ఎంతమంది రొమ్ము మిగిలేదో!

మందుల సంగతి కొంత నయం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి 15-20 మందిది హెర్2 పాజిటివ్, అంటే హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకం. వాళ్లకు ఇచ్చే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ ఒకప్పుడు వయల్ లక్ష రూపాయల పైమాట. 2014లో బెంగళూరు కంపెనీ బయోకాన్ మన దేశంలోనే తయారుచేసిన రకం తెచ్చాక ధర దిగుతూ వచ్చింది. ఆరోగ్యశ్రీ పరిమితిని కూడా 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. అయితే కార్డు ఖర్చు భరిస్తుందే గానీ, హెర్2 పరీక్ష రాయని డాక్టరు చేత రాయించలేదు.

మరి మంచి ఆస్పత్రిని చూడగానే ఎలా గుర్తుపట్టాలి? బోర్డు చూసి మాత్రం కాదు. సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు, తీసిన ముక్కను పరీక్షించే పాథాలజిస్టు కలిసి కూర్చుని ఒక్కో ఫైలు మీద మాట్లాడుకుంటారా లేదా అని అడగాలి. ట్యూమర్ బోర్డు అంటారు దాన్ని. గ్లాస్గోలో 1995లో ఈ పద్ధతి పెట్టాక, పక్క ప్రాంతాలతో పోలిస్తే రొమ్ము క్యాన్సర్ మరణాలు 18 శాతం తక్కువగా ఉన్నట్టు తేలింది. దానికి కొత్త మిషన్లేమీ కొననక్కర్లేదు. ఒక గది, వారానికో గంట చాలు. మన దగ్గర టాటా మెమోరియల్ చొరవతో 2012లో మొదలైన క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ చికిత్స మార్గదర్శకాలను ఉచితంగా పెట్టింది, వీడియోలో ట్యూమర్ బోర్డులూ నడుపుతోంది. జిల్లా డాక్టరు సెల్‌ఫోన్‌లోనే అవి తెరుచుకోవచ్చు.

పెద్దమ్మకు జబ్బు బయటపడి ఆరేళ్లయింది, రోజూ రాత్రి హార్మోన్ మాత్ర వేసుకుంటుంది. రెండోసారి ఆపరేషన్ మాత్రం తప్పలేదు. మొదటిసారి అంచుల్లో ఏం మిగిలిందో ఎవరికీ తెలియదు కాబట్టి. ఇప్పుడు తెలిసినవాళ్లెవరైనా ఫోన్ చేసి, గడ్డ ఉంది, ఏ ఆస్పత్రికి వెళ్లమంటావు అని అడిగితే, ముందు నేనడిగేది ఒక్కటే: "ఇంకా కోయలేదు కదా?"