బేసిక్ ప్యాక్‌లో ఛానళ్లు ఎవరి లెక్క ప్రకారం వస్తున్నాయి?

రాయదుర్గం, మడకశిర వైపు చాలా ఇళ్లలో మాట్లాడుకునేది కన్నడమే, చుట్టరికాలు కూడా బళ్లారి, పావగడ, చిత్రదుర్గం వైపే ఉంటాయి. అలాంటి ఇంట్లో ఒక అవ్వ కన్నడ సీరియల్ పెట్టమంటే "అది మన ప్యాకేజీలో రాదవ్వా, వేరే కట్టాల" అంటాడు కేబుల్ అబ్బాయి. అదే బాక్సులో అదే డబ్బుకి ఆమెకు ఒక్క ముక్క అర్థంకాని హిందీ న్యూస్ ఛానళ్లు, భోజ్‌పురి పాటలు వరసగా వస్తుంటాయి. అవి కావాలని ఆ వీధిలో ఎవరు అడిగారు?

ఎవరూ అడగలేదు. ప్యాకేజీలో ఏది ఉండాలో తేల్చేది ఎక్కువగా డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందన్న లెక్కే. దూరదర్శన్ సంగతి వేరు, 1995 కేబుల్ చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం సప్తగిరి లాంటి ఛానళ్లు తప్పకుండా ఇవ్వాలి, దాంతో నాకు పేచీ లేదు.

మిగతా ఉచిత ఛానళ్లు ప్రకటనల మీద బతుకుతాయి, కాబట్టి వాటికి ఎన్ని ఇళ్లలో కనిపిస్తే అంత లాభం. అందుకే పైనుంచి సిగ్నల్ పంపే పెద్ద కేబుల్ కంపెనీకి, అంటే ఎంఎస్‌ఓకి, ఛానలే ఎదురు డబ్బు కడుతుంది. దాన్నే క్యారేజ్ ఫీజు అంటారు. ఒక్కో ఛానల్‌కి నెలకు కనెక్షన్‌కి 20 పైసలు మించకూడదని టెలికాం, టీవీ రంగాలను నియంత్రించే ట్రాయ్ పరిమితి పెట్టింది. 20 పైసలే కదా అనిపిస్తుంది గానీ లక్ష కనెక్షన్లుంటే ఒక్క ఛానల్ మీదే నెలకు 20 వేలు, అలాంటివి ఎన్ని ఉంటాయో మీరే ఊహించుకోండి. బాక్స్ ఆన్ చేయగానే మనం నొక్కకుండానే ఏదో న్యూస్ ఛానల్ ప్రత్యక్షమవుతుంది చూశారా, ఆ చోటుకీ రేటు ఉంది.

అసలు కిటుకు పే ఛానళ్ల దగ్గర, అంటే డబ్బు కట్టి చూసే ఛానళ్ల దగ్గర ఉంది. ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చినప్పుడు, ఇక చూసే ఛానల్‌కే డబ్బు కడతామని అందరం ఆశపడ్డాం. ఇప్పటి నిబంధన ప్రకారం ధర 19 రూపాయలు మించని ఛానళ్లనే బొకేలో, అంటే కలిపి అమ్మే ఛానళ్ల కట్టలో, పెట్టాలి, విడి ధరల మొత్తం మీద 45 శాతం దాకా తగ్గించవచ్చు. ఉదాహరణకి ఒక కంపెనీకి జనం ఎగబడి చూసే ఛానల్ ఒకటే ఉందనుకుందాం, ధర 19. ఎవరూ పెద్దగా చూడని మిగతా ఛానళ్లన్నీ కలిపి 21. మొత్తం 40, బొకేగా కొంటే 22కే ఇవ్వొచ్చు. మూడు రూపాయల తేడాకి ఎవరైనా విడిగా ఎందుకు తీసుకుంటారు? అలా పనికిరాని ఛానళ్లు కూడా లక్షల ఇళ్లకు చేరిపోయి, ఆ సంఖ్య చూపించి ప్రకటనలు తెచ్చుకుంటాయి. పైగా ఎంఎస్‌ఓకి ఛానల్ ధరలో కనీసం 20 శాతం పంపిణీ వాటా, దాని మీద ఇంకో 15 శాతం దాకా రాయితీ ఉంటాయి, కాబట్టి బొకేలు నింపిన ప్యాకేజీనే అందరికీ అంటగట్టడం వాళ్లకూ లాభమే. కన్నడ బొకే కావాలనే ఇళ్లు సరిహద్దు మండలాల్లో కొన్నే, ప్యాకేజీ తయారయ్యేది మాత్రం రాష్ట్రం మొత్తానికి కలిపి.

ఇందులో మన వీధి ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు. వర్షానికి వైరు తెగినా, సాయంత్రం సీరియల్ టైముకి బొమ్మ ఆగినా ఫోన్ వచ్చేది అతనికే, ఛానల్ మార్చే అధికారం మాత్రం అతని చేతిలో లేదు. 2023 ఫిబ్రవరిలో కొత్త ఒప్పందాల మీద సంతకాలు పెట్టలేదని పెద్ద బ్రాడ్‌కాస్టర్లు చాలా కేబుల్ నెట్‌వర్కులకు సిగ్నల్ ఆపేసినప్పుడు కూడా జనం ముందు నిలబడి సమాధానం చెప్పుకున్నది అతనే.

డబ్బుతో పాటు రాజకీయమూ ఉంది. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆగిపోయాయి. 2019లో మన దగ్గర ఏబీఎన్, టీవీ5 రావడం లేదన్న గొడవ నడిచింది, 2024 ఎన్నికల తర్వాత సాక్షి, టీవీ9, ఎన్టీవీ వంతు వచ్చింది. ప్రతిసారీ ట్రైబ్యునల్‌కో కోర్టుకో వెళ్లాల్సి వచ్చింది. ఏ పార్టీ ఛానల్ అన్నది నాకు అనవసరం. నేను డబ్బు కట్టిన బాక్సులో ఒక వార్తా ఛానల్ ఉన్నట్టుండి మాయమైతే ఎందుకని అడిగే హక్కు నాకుండాలి, ఇవాళ అడిగినా జవాబిచ్చే నాథుడు లేడు.

కనెక్షన్‌కి నెలనెలా కట్టే నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు, దానికి 200 ఛానళ్లు అన్న లెక్క కొన్నాళ్లు నడిచింది. 2024 జులైలో ఆ ఫీజు మీద ట్రాయ్ పరిమితే ఎత్తేసింది. పోటీ ఉంటే ధర తగ్గుతుందని వాదన, కానీ ఒకే ఒక్క కేబుల్ లైను ఉన్న పల్లెలో పోటీ ఎక్కడ్నుంచి వస్తుంది?

విడిగా ఛానల్ ఎంచుకునే హక్కు మనకు ఈరోజుకీ ఉంది. దాన్ని వాడుకోనివ్వకుండా చేస్తున్నది బిల్లు లేకపోవడం. మా వైపు చాలాచోట్ల నెల మొదట్లో వచ్చి డబ్బు తీసుకుని, చిన్న నోటుబుక్కులో పేరు పక్కన టిక్కు పెట్టుకుని వెళ్లిపోతారు. నెట్‌వర్క్ ఫీజు ఎంత, ఏ బొకేకి ఎంత, పన్ను ఎంత అని విడివిడిగా రాసిన కాగితం ప్రతి ఇంటికీ ఇచ్చి తీరాలని ట్రాయ్ గట్టిగా పట్టుబట్టాలి, ఏ ఛానల్ దగ్గర ఎంత క్యారేజ్ ఫీజు తీసుకున్నారో ఎంఎస్‌ఓలు కూడా బయటపెట్టాలి. అప్పుడు రాయదుర్గంలో ఒక వీధి వాళ్లంతా కలిసి తాము చూడని బొకే తీసేసి కన్నడ ఛానళ్లు పెట్టమని అడిగితే, రాదని చెప్పడానికి ఎంఎస్‌ఓ దగ్గర సాకు ఉండదు.