సవరణ: పిల్లికి నీలగిరి తైలం రాయమన్నది తప్పు

పోయిన వారం పోస్టులో ఒక తప్పు రాశాను. పేలు పట్టిన పిల్లికి రెండు చుక్కల నీలగిరి తైలమో, టీ ట్రీ ఆయిలో కొబ్బరినూనెలో కలిపి మెడకు రాయమన్నాను. "సహజమైనదే కదా, ఏం కాదు" అని భరోసా కూడా ఇచ్చాను. దయచేసి అలా చేయకండి. ఆ పేరా తీసేశాను.

ఈ నూనెల్లోని చాలా పదార్థాలను మన కాలేయం మార్చి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పనికి కావలసిన ఒక ముఖ్యమైన ఎంజైము సరిగా పనిచేయదు. పైగా పిల్లి ఊరుకుంటుందా? మెడ మీద రాసింది పాదంతో తుడుచుకుని, ఆ పాదాన్ని తీరిగ్గా నాకుతుంది. అలా చర్మానికి రాసింది కడుపులోకీ పోతుంది. కలపని టీ ట్రీ ఆయిల్ అయితే కొద్ది చుక్కలకే చొంగ కారడం, కాళ్లు తడబడటం, వణుకు మొదలవ్వచ్చు. కుక్కలకూ ఇది ప్రమాదమే.

ఈ నూనెలను గాలిలోకి వదిలే డిఫ్యూజర్ కూడా పిల్లి ఉన్న గదిలో తలుపులు మూసి పెట్టొద్దు. ఇంట్లో పక్షులుంటే అసలే వద్దు.

ఇప్పటికే రాసినవాళ్లు గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగేయండి. వాంతి చేయించొద్దు. నూనె సీసా పట్టుకుని వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. పేలమందు కూడా ఆయన్నే అడగండి. కుక్క కోసం తెచ్చిన పర్మెత్రిన్ అనే పేలమందు మిగిలింది కదా అని పిల్లికి వేయకండి, అది ఇంకా ఘోరం.